అమ్మ పోయాక కథ రావడం లేదు

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 39 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. పెళ్లికి ముందు నుంచీ కథలు రాస్తున్నాను. పదకొండు కథలు పత్రికల్లో వచ్చాయి, ఒకదానికి పోటీలో బహుమతి కూడా వచ్చింది. మా అమ్మది పొందూరు. ఓపిక ఉన్నన్నాళ్లూ ఖద్దరు నూలు వడికింది. రెండేళ్ల కిందట చనిపోయింది. అప్పటి నుంచి ఒక్క కథ కూడా పూర్తి చేయలేకపోయాను. రాత్రి పిల్లలు పడుకున్నాక నోట్‌బుక్ ముందేసుకుని పన్నెండింటిదాకా కూర్చుంటాను. రెండు లైన్లు రాసి కొట్టేస్తాను. ‘రాయకపోతే కొంపేం మునిగిపోదు కదా, పడుకో’ అంటారు మావారు. నాలో సరుకు అయిపోయిందేమోనని భయంగా ఉంది. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు నా ఫోన్లో అలాగే ఉన్నాయి. అమ్మ పోయాక వాటిలో ఒక్కటీ వినలేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాశారు గానీ, నాకు అసలు సంగతి అక్కడే ఉన్నట్టు అనిపించింది.

ఉత్తరంతో పాటు మీరు పంపిన రెండు కథలూ చదివాను. ఒకదాంట్లో ముసలామె, చీకటి పడ్డాక గుమ్మంలోకి వచ్చిన మనవరాలిని ‘ఏటే గుంటా, ఇంత పొద్దోయి వచ్చినావు, కూడు తిన్నావా?’ అని అడుగుతుంది. రెండో కథలో పాలమ్మే ఆమె మాట్లాడుతుంది. పేరు వేరు, ఊరు వేరు, గొంతు మాత్రం ఒక్కటే. ఆ గొంతు మీ అమ్మగారిదని నా అనుమానం. మీరు టీచరు, స్కూల్లో అందరితో పుస్తకాల తెలుగు మాట్లాడతారు. ఆ ‘ఏటే’, ‘గుంటా’ మీ చెవిన పడేది అమ్మ దగ్గర, అమ్మ ఫోన్‌లో. ఎవరింట్లో ఎవరు అలిగారు, ఎవరి ఉబాలు (వరి నాట్లు) అయ్యాయి, ఏ గొడ్డు ఈనింది, ఇవన్నీ ఆవిడ చెబుతూ ఉంటే మీరు వంట చేసుకుంటూ ‘ఊ’ కొట్టి ఉంటారు. కథలకు కావలసినదంతా అలా మీకు తెలియకుండానే ఇంటికి చేరేది. ఆ ఫోన్ ఆగింది, కథ ఆగింది. దీన్ని మీరు ‘సరుకు అయిపోవడం’ అంటున్నారు. నేను దుఃఖం అంటాను. కర్మకాండ పదకొండు రోజుల్లో ముగిసింది, మీ దుఃఖానికి మాత్రం ఇంట్లో ఎక్కడా చోటు దొరకలేదు. బయటికి వచ్చే దారి లేక అది కలం మీద కూర్చుంది.

పొందూరు పిల్లకు నేను చెప్పనక్కర్లేదు గానీ, ఒక్కసారి అమ్మ పని గుర్తు చేసుకోండి. గింజ ఉన్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం నేను దగ్గర కూర్చుని చూశాను. ఆ చిన్న దవడ పళ్లు ఎంత సన్నంగా, ఎంత దగ్గరగా ఉంటాయి! నలుసులు రాలిపోయి, పోగులన్నీ ఒకే దారిన సాగేదాకా దువ్వుతూనే ఉంటారు. తర్వాత గింజ తీయాలి, విల్లుతో ఏకాలి, ఏకులు చుట్టి ఎండిన అరటి డొప్పలో దాచాలి. అన్నీ అయ్యాకే రాట్నం తిరిగేది. ఆ ముందు పని జరుగుతున్నంతసేపూ చేతిలో నూలు ఒక్క మూర కూడా ఉండదు. అయినా మీ అమ్మగారు ‘నాకు వడకడం రాకుండా పోయింది’ అనుకుని ఉండరు కదా. మీరు మాత్రం రాత్రి పదకొండింటికి, రోజంతా అలిసిపోయి, నేరుగా గింజ పత్తి నుంచి దారం లాగుతున్నారు. తెగకుండా ఎలా ఉంటుంది?

రెండు లైన్లు రాసి కొట్టేయడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. బహుమతి వచ్చిన తర్వాత ఈ జబ్బు చాలామందికి వస్తుంది. మొదటి వాక్యమే బహుమతి కథలో వాక్యంలా ఉండాలనుకుంటారు. మీ ఊళ్లోనే గురజాడ ఇల్లు ఉంది, ఎన్నోసార్లు ఆ దారిన వెళ్లి ఉంటారు. ‘కన్యాశుల్కం’ అచ్చు పుస్తకంగా వచ్చింది 1897లో. దాన్ని ఆయన దాదాపు మొత్తం తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. మధ్యలో పన్నెండేళ్లు. ఇవాళ మనమంతా చదివేది ఆ రెండోదాన్నే. అంతటివాడికే మొదటిసారి రాసింది చాలలేదంటే, మీ మొదటి రెండు లైన్లు బాగుండక్కర్లేదు తల్లీ. వాటిని ఉండనివ్వండి.

ఇప్పుడేం చేయాలో చెబుతాను. అన్నిటికన్నా ముందు ఆ మెసేజ్‌లను ఇంకోచోట దాచండి. ఫోన్ కింద పడితే, నీళ్లలో పడితే అవి మళ్లీ రావు. స్కూల్లో కంప్యూటర్ తెలిసిన వాళ్లకి చెబితే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెడతారు. వినమని నేను ఇప్పుడే అనడం లేదు, పోకుండా చూసుకోమంటున్నాను.

రాత్రి పన్నెండింటిదాకా కూర్చోవడం మానేయండి. ఓ నెల రోజులు కథ అనే మాటే ఎత్తకండి. చిన్న నోట్‌బుక్ ఒకటి వంటింట్లో పెట్టుకోండి. టీ మరిగేలోపు అమ్మ మాట ఒకటి అందులో రాయండి. ఒక్క మాట చాలు. చోడి (రాగి) అంబలి గురించి ఆవిడ ఏమనేవారో, మీ నాన్నగారి మీద కోపం వస్తే ఏమని తిట్టేవారో, మిమ్మల్ని నిద్ర లేపడానికి ఎలా పిలిచేవారో. యాస మార్చకండి, టీచరుగా దిద్దకండి. రాస్తుంటే ఏడుపొస్తే ఏడవండి. పిల్లలు చూస్తే ‘అమ్మమ్మ గుర్తొచ్చింది’ అనండి. వాళ్లకీ అమ్మమ్మ గురించి మాట్లాడాలని ఉండి ఉంటుంది, మీ మొహం చూసి ఊరుకుంటున్నారేమో.

మీవారి మాట మీకు గుచ్చుకుంది, అర్థమైంది. కానీ నాకు ఆయన కథల శత్రువులా కనిపించలేదు. అర్ధరాత్రి దాకా మేలుకుని ఉదయం ఎర్రటి కళ్లతో స్కూలుకు వెళ్లే భార్య ఆయనకు కనిపిస్తోంది. నోట్‌బుక్ వెనకాల అమ్మ ఉన్నారని ఆయనకు తెలియదు, ఎందుకంటే మీరు చెప్పలేదు. ‘నాకు కథ రావడం లేదు’ అంటే ఆయన చేయగలిగిందేమీ లేదు. ‘అమ్మ గొంతు వినాలంటే భయమేస్తోంది, పక్కన కూర్చుంటారా’ అంటే కూర్చుంటారు. మొదటి మెసేజ్ అలా ఇద్దరూ కలిసి వినండి. చిన్నది ఎంచుకోండి, ‘బస్సు దిగినావా’ లాంటిది.

ఒక విషయం మాత్రం దాచకుండా ఆలోచించండి. కథల మీదే కాకుండా తిండి మీద, పిల్లల మీద, దేని మీదా ఆసక్తి లేకుండా వారాల తరబడి గడుస్తోందా? పడుకున్నా నిద్ర పట్టడం లేదా? బతకడం దండగ అనిపిస్తోందా? అలా ఉంటే నోట్‌బుక్‌తో సరిపెట్టకండి, సైకియాట్రిస్టును కలవండి. ఏ వేళలోనైనా 14416కి ఫోన్ చేయవచ్చు. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడతారు. అక్కడికి ఫోన్ చేయడం జ్వరానికి మందు వేసుకోవడం లాంటిదే, సిగ్గుపడే పని కాదు.

తర్వాత ఒక ఆదివారం పిల్లల్ని మీవారికి అప్పగించి పొందూరు వెళ్లండి. విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ వైపు పాసింజర్ రైలు ఎక్కితే దారిలోనే కదా. ఇంకో సెలవుకు శ్రీకాకుళంలో కథానిలయం చూసి రండి. కథారచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టింది. అచ్చయిన తెలుగు కథలను వెతికి వెతికి దాచిపెట్టిన చోటు. మీ పదకొండులో ఏదైనా అక్కడ దొరికినా ఆశ్చర్యం లేదు. కానీ ముందు మాత్రం పొందూరే. అమ్మ పోయాక కార్యాలకు తప్ప అటు వెళ్లలేదేమోనని నా ఊహ. మీ అమ్మగారి పక్కన రాట్నం పెట్టుకుని వడికిన వాళ్లలో ఎవరో ఒకరు ఇంకా ఉంటారు. ఆవిడ ఇంటికి వెళ్లండి. చేతిలో నోట్‌బుక్ వద్దు, ఫోన్లో రికార్డింగూ వద్దు. అరటిపళ్లు పట్టుకెళ్లి పక్కన కూర్చోండి, అంతే. ఆవిడ తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పినా, కోడలి గురించి చెప్పినా వినండి. మధ్యలో మీ అమ్మ మాట దానంతటదే వస్తుంది. పెట్టింది తినండి. ఇంటికి వచ్చాక ఏది గుర్తుంటే అది రాసుకోండి.

గుమ్మంలో మిమ్మల్ని చూడగానే ఆవిడ ఏమని పిలిచిందో నాకు తప్పకుండా రాయండి.