పశువుల దళారి వేషం వేయబోతున్న మా అల్లుడికి

అల్లుడా,

ప్రొద్దుటూరు నుంచి మీ మామ ఆశీస్సులు. ఏదో చిన్న సినిమాలో నీకు పశువుల దళారి వేషం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వే చెప్పలేదని కొంచెం కోపముంది, సరేలే.

డైరెక్టర్‌ను ముందు ఒకటి అడుగు. గొంతు షూటింగ్‌లోనే రికార్డు చేస్తారా, తర్వాత డబ్బింగ్ చెప్పిస్తారా? నా మొదటి సినిమాకు నేను అడగలేదు. హార్మోనియం శ్రుతికి పద్యాలు పాడి పెంచుకున్న గొంతు నాది. తీరా థియేటర్లో కూర్చుంటే, తెర మీద నేను నోరు తెరిచినప్పుడల్లా ఇంకెవరి గొంతో, అదీ కోస్తా యాసలో! మీ అత్త నా వైపు తిరిగి "అప్పుడు నీకు జలుబు చేసి ఉండెనా?" అంది. డబ్బింగయితే నా పాత్రకు నేనే చెప్పుకుంటానని కాగితం మీద రాయించుకో. డబ్బులు, బస్సు ఛార్జీలు, బత్తా కూడా అందులోనే రాయించు. చిన్న సినిమాల వాళ్లందరూ మోసగాళ్లని కాదు. సగంలో డబ్బులైపోతాయి వాళ్లకు. అప్పుడు అడగాలంటే నీకే మొహమాటం.

అక్కడికక్కడే రికార్డు చేసేదయితే గంజి పెట్టిన చొక్కా వేసుకోవద్దు. మైకు చొక్కా లోపల అంటిస్తారు, గుడ్డ కదిలితే చాలు గరగరమంటుంది. జేబులో చిల్లర, తాళంచెవులు తీసెయ్. అవతలి మనిషి మాట ముగిసేదాకా ఆగు. ఇద్దరి మాటలూ కలిసిపోతే ఎడిటింగ్‌లో విడదీయడం చాలా కష్టం.

యాస గురించి. అప్పటి కర్నూలు జిల్లా శిరివెళ్లలో పుట్టిన జయప్రకాశ్ రెడ్డి గారు లెక్కల పంతులుగా పనిచేసి సినిమాల్లోకి వెళ్లారు. ఆ యాసతోనే భయపెట్టారు, నవ్వించారు కూడా. ఆ తర్వాత వచ్చినవాళ్లు చాలామంది అరుపులు మాత్రం పట్టుకున్నారు. నువ్వు ఆయన్ను అనుకరించొద్దు. మీ నాయన ఇంట్లో ఎట్లా మాట్లాడతాడో అట్లా మాట్లాడు. "యాడికి పోతాండావు?" అని మెల్లగా అన్నా అది సీమ మాటే. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే కదా, ఎవరైనా యాస కోసం తంటాలు పడినట్టు అనిపించిందా?

అసలు పని సంతలో ఉంది. రెండు మూడు వారాలు వరసగా పో, ఏమీ కొనకుండా నిలబడు. దళారి ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నడిపించి కాళ్లు చూస్తాడు. బేరం దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆపేస్తాడు. తువ్వాలు కింద చెయ్యి పెట్టి అవతలివాడి వేళ్లు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే ఎంతో వాళ్లిద్దరికే తెలుసు. పక్కనున్నవాడికి మొహాలు మాత్రమే కనపడతాయి, ఆ మొహాల్లో ఏమీ ఉండదు. నీ స్క్రిప్టులో బేరమంతా కేకలే రాసుంటారని నా అనుమానం. రిహార్సల్ అయ్యాక డైరెక్టర్‌ను పక్కకు పిలిచి వేళ్ల బేరం చేసి చూపించు. నలుగురి ముందు "ఇది తప్పు సార్" అన్నావంటే మంచి మాటైనా ఎక్కదు.

తినే సీనుంటే చిన్న ముద్దలు తిను. నేను మొదటి టేకులోనే ఆకలి కొద్దీ పెద్ద సంగటి ముద్ద మింగినాను. ఆ తర్వాత పదకొండు టేకులూ అంతంత ముద్దలే. రాత్రంతా కడుపు పట్టుకుని కూర్చున్నా. ఏ మాట దగ్గర చెయ్యి ఎక్కడుందో గుర్తుపెట్టుకో, క్లోజప్‌లో మళ్లీ అక్కడే ఉండాలి. అవతలివాడి క్లోజప్ తీసేటప్పుడు ఫోన్ పట్టుకుని కూర్చోవద్దు. కెమెరా పక్కన నిలబడి నీ డైలాగు చెప్పు, వాడి కళ్లకు నువ్వు కావాలి.

నా పాత తువ్వాలొకటి మీ అమ్మతో పంపిస్తాను. వేళ్ల బేరానికి పనికొస్తుంది. ఉతకొద్దు.

మీ మామ