ముందు తలకిందులు చేసి చూడు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, "అక్కా, దానికి బోనసు వచ్చిందట. చైనావాళ్ల పాత విగ్రహాలూ కుర్చీలూ కొంటానంటోంది. ఆ పిచ్చి పట్టించింది నువ్వే, వదిలించాల్సిందీ నువ్వే" అని నా మీద విరుచుకుపడింది. తిట్లు తింటూనే లోపల మురిసిపోయాను. ఆరేళ్లప్పుడు మా హాంకాంగ్ ఇంటికి వచ్చి, బల్ల కింద దూరి, "పెద్దమ్మా, దీనికి మేకులే లేవు!" అని అరిచింది నువ్వే కదా. ఇప్పుడు అదే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ నీ సొంత డబ్బుతో కొంటానంటే ఎలా వద్దంటాను? అనను. కానీ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసింది, ఇక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. మొదటి ఏడాది ఏమీ కొనకు, చూడు. వస్తువు వయసు, దేనితో చేశారో రసీదు మీద రాయించుకో. నోటితో చెప్పి కాగితం మీద రాయనివాడి దగ్గర టీ తాగి వచ్చెయ్యి. ధర ఎంతో అల్లుడి దగ్గర దాచకు. ఈ చివరిది ఎందుకు చెబుతున్నానో తరవాత నీకే తెలుస్తుంది.

మీ హాంకాంగ్‌లో పాత వస్తువుల దుకాణాలుండే హాలీవుడ్ రోడ్డు దిగువన లస్కర్ వీధి ఉంది చూడు, అందరూ క్యాట్ స్ట్రీట్ అంటారు. లస్కర్లంటే మన దేశం నుంచి వెళ్లిన ఓడ కళాసీలు. ఒకప్పుడు వాళ్లు బస చేసిన చోటు కాబట్టి ఆ పేరు. నేను అక్కడ తిరిగినన్నాళ్లూ ఏదో పుట్టింటి వీధిలో ఉన్నట్టే అనిపించేది. అక్కడ సరదాకు ఏదైనా కొనుక్కో, తప్పులేదు. పాతదని నమ్మి మాత్రం కొనకు. పింగాణీ అడుగున నీలిరంగులో ఆరు అక్షరాల రాజముద్ర చూపించి, "ఇదిగో మింగ్ కాలం" అంటారు, అంటే 1644కు ముందుదని. ముద్ర పేరు చెబుతుందే గానీ వయసు చెప్పదు. కాంగ్షీ చక్రవర్తి కాలంలో, అంటే 1662, 1722 మధ్య, కుమ్మరులు తమకు రెండు వందల ఏళ్ల ముందు ఏలిన మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పేరు వేసేవారు. కొందరు మోసానికి వేశారేమో గానీ చాలామంది పెద్దల మీద గౌరవంతో వేశారు. మనం మనవడికి తాత పేరు పెట్టుకోమూ, అలాగన్నమాట.

నీకు తెల్ల గ్వాన్‌యిన్ మీద మనసుందని మీ అమ్మ చెప్పింది. మంచి మనసే. మన అవలోకితేశ్వరుడు ఆ దేశం వెళ్లి అమ్మవారైపోయాడు, ఇంట్లో ఉంటే ఎవరికీ చెడ్డ కాదు. ఆ తెల్ల పింగాణీ బొమ్మలకు పుట్టిల్లు ఫూజియన్‌లోని దెహువా. మింగ్ కాలంలో హె చావోజోంగ్ అనే మహానుభావుడు ఉండేవాడు, బొమ్మ వీపున తన ముద్ర వేసేవాడు. ఆ తరవాత వందల ఏళ్లుగా ఆయన ముద్రను ఎవరు పడితే వాళ్లు వేశారు. కాబట్టి వీపు చూసి మురిసిపోకుండా వేళ్లు చూడు. అంత సన్నని వేళ్లు విరక్కుండా ఉండడం అరుదు, విరిగినవాటిని అతికి రంగు వేస్తారు. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే అతుకు వేరే రంగులో మెరుస్తుంది. అతుకు ఉంటే కొనకూడదని కాదు, ఉందని తెలిసి ఆ ధరకే కొను.

తాంగ్ కాలపు మట్టి గుర్రాలకు, అంటే వెయ్యేళ్లు దాటినవాటికి, ఒక పరీక్ష ఉంది. చిటికెడు పొడి తొలిచి తీసి, ఆ మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో లెక్కగడతారు. పొడి తీసే చోట పాత ఇటుక ముక్క అతికించే ఘనులు కూడా ఉన్నారు సుమా.

రాతి బుద్ధుడి తల మాత్రం నా కోసం వద్దు. ఇది సలహా కాదు, నా మాట అనుకో. షాన్‌షీలోని తియాన్‌లాంగ్ కొండ గుహల్లో 1920ల్లో విగ్రహాల తలలు నరికి పరదేశాలకు అమ్మేశారు. అందులో ఒకటి టోక్యో వేలంలో కనబడి 2020లో తిరిగి చైనాకు చేరింది. తల ఎంత ప్రశాంతంగా ఉన్నా, దాని మొండెం ఎక్కడో చీకట్లో ఉంటుంది. మన అమరావతి రాళ్లను లండన్‌లో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ ఉసురు మనకెందుకు?

ఇక కుర్చీల సంగతి. దీని కోసమే అసలు కూర్చున్నాను.

1998లో ఒక దుకాణంలో చదరపు పీట ఒకటి చూశాను. ముదురు ఎరుపు నుంచి నలుపుకు తిరిగిన రంగు, ఎత్తబోతే మణికట్టు లాగింది. దుకాణదారు "జితాన్, చింగ్ కాలం" అన్నాడు. చింగ్ అంటే చైనా చివరి చక్రవర్తుల వంశం. జితాన్ అంటే ఏమిటో అడిగాను. "మీ దేశం చెక్కే, చక్రవర్తులు దీనితోనే సింహాసనాలు చేయించుకున్నారు" అన్నాడు. అంతే, నాకు ఒళ్లు పొంగిపోయింది. మన ఎర్రచందనం! మీ తాతయ్య ఫారెస్టు గార్డుగా రాత్రంతా కాపు కాసిన చెట్టు. చిన్నప్పుడు మా తలకు బొప్పి కడితే మా అమ్మ చెక్క ముక్కను సానరాయి మీద అరగదీసి ఎర్రగా పట్టు వేసేది. బొమ్మల కొలువులో మరపాచి బొమ్మల జంట కూడా ఆ చెక్కే. అది చక్రవర్తి ఇంటికి వెళ్లి, మళ్లీ రాజంపేట పిల్ల కంటపడిందనుకున్నాను. పద్దెనిమిది వేల హాంకాంగ్ డాలర్లు. గాజులకని దాచిన డబ్బు. మీ పెదనాన్నకు నాలుగు వేలని చెప్పాను.

రెండేళ్ల తరవాత పీట కాలు కదిలితే బాగు చేయడానికి ఒక ముసలి వడ్రంగి వచ్చాడు. పీట పైభాగం చూడనేలేదు. తలకిందులు చేసి, టార్చిని పక్కవాటంగా పట్టుకుని, నన్ను వంగి చూడమన్నాడు. పలక అడుగున సన్నని వంపు గీతలు, వరసగా, నెలవంకల్లా. మిషను రంపం తిరిగిన జాడ. చేతి రంపమైతే గీతలు తిన్నగా ఉంటాయి. పాత పీటల అడుగున గుడ్డ పరిచి లక్కపూత వేసేవారు, దీనికి నల్లరంగు మాత్రమే పూశారు. తరవాత నా వేలు పట్టుకుని కింది పట్టీల మీద నడిపించాడు. వందేళ్లు మనుషులు కూర్చున్న పీటకు పాదాలు ఆనే పట్టీ నడిమిలో అరిగి పల్లమవుతుంది. నా పీటకు నాలుగు పట్టీలూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. చట్రానికీ పలకకూ మధ్య గోరు దూరే సందు కూడా లేదు. ఏళ్లు గడిస్తే పలక అడ్డంగా కుంచించుకుపోవాలి కదా.

"మరి చెక్క?" అని అడిగాను, ఏడుపు ఆపుకుంటూ. కాస్త పొడి గీకి, తెల్ల కప్పులో స్పిరిట్ పోసి వేశాడు. ఎర్రగా దిగింది, మా అమ్మ సానరాయి మీద దిగినట్టే. చెక్క నిజం, వయసు అబద్ధం. "ఈ పీట నాకంటే చాలా చిన్నది" అన్నాడాయన, నవ్వకుండా.

డబ్బు పోయినందుకు వారం ఏడ్చాను. ఆ తరవాత వచ్చిన ఆలోచన మాత్రం ఇప్పటికీ పోలేదు. చక్రవర్తుల కాలంలో వెళ్లిన చెక్క కాకపోతే ఇది ఎప్పుడు వెళ్లింది? ఎవరి భుజం మీద? 1995 నుంచీ ఆ చెట్టు అంతర్జాతీయ ఒప్పందం రక్షణలో ఉంది. కాగితాలు లేకుండా అది సరిహద్దు దాటిందంటే శేషాచలం అడవిలో ఎవరో రాత్రిపూట నరికి ఉండాలి, ఎవరో మోసి ఉండాలి. మీ తాతయ్య ఆ రాత్రుల్లో టార్చి, కర్ర పట్టుకుని తిరిగేవారు. ఆయన కాపు కాసిన చెట్టును నేను డబ్బిచ్చి కొనుక్కున్నానేమో. ఆయనకు చెప్పలేదు, పోయేదాకా చెప్పలేకపోయాను. 2015లో శేషాచలంలో ఇరవైమంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారని పేపర్లో చదివిన రోజు, ఆ పీట మీద దుప్పటి కప్పేశాను.

అందుకని, అమ్మడూ, నీకు ఎవరైనా జితాన్ చూపిస్తే నీ గుండె కొట్టుకుంటుంది, నాకు తెలుసు. "మీ ఊరి చెక్క" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి కదిలిపో. అలాగే మన తూర్పు తీరం పేరున్న కోరమాండల్ మడత తెరలు చూపించి "మీ తీరానివి" అంటారు. వాటిని చేసింది చైనాలోనే. లక్క చెక్కి రంగులు నింపిన ఆ పన్నెండు పలకల తెరలు ఐరోపాకు పోతూ మన రేవుల్లో ఆగాయి, ఆ పేరు అలా అంటుకుంది. అందానికి కొనుక్కో, చుట్టరికానికి కొనకు.

ఏ వస్తువైనా ముందు అడుగు చూపించమను. దుకాణదారు మొహం మాడ్చుకున్నా సిగ్గుపడకు. అలా మొహం మాడ్చుకుంటారని భయపడే నేను ఆ రోజు అడగలేదు.

సంక్రాంతికి వస్తానన్నావు కదా. పీట మీద దుప్పటి తీసేశాను, ఇప్పుడు నా మందుల డబ్బా దాని మీదే ఉంటుంది. డబ్బా నేను తీసి పెడతాను, నువ్వు పీటను తిరగేసి పట్టుకో. టార్చిలో సెల్లులు కొత్తవి వేయించి ఉంచాను. మీ అమ్మ అటువైపు వస్తే మాత్రం ధర నాలుగు వేలే.

నీ పెద్దమ్మ