అనలాగ్ రోజులతో పోలిస్తే పాటల రికార్డింగ్‌లో అసలు ఏం మారింది?

ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకుంటున్నానని, అప్పటి టేపు రికార్డింగుకీ ఇప్పటి కంప్యూటర్ రికార్డింగుకీ తేడా సౌండులోనేనా, ఇంకేమైనా ఉందా అని అడిగారు. నేను 1993 నుంచి పదేళ్లకు పైగా నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక మేడమీది గదిలో జానపదాలు, భజనలు, బతుకమ్మ పాటలు రికార్డు చేసి క్యాసెట్లు అమ్మినవాణ్ణి. ఇప్పుడు దేవరకొండలో మా మేనల్లుడి స్టూడియోకి అప్పుడప్పుడు పోయి కూర్చుంటా. నాకు కనిపించిన పెద్ద తేడా సౌండు కాదు. అప్పుడు కష్టమంతా బటన్ నొక్కకముందు ఉండేది, ఇప్పుడు నొక్కిన తర్వాత ఉంటోంది.

నా దగ్గరున్నది నాలుగు ట్రాకుల క్యాసెట్ మెషిన్, అంటే ఒకే టేపు మీద నాలుగు శబ్దాలను పక్కపక్కనే విడివిడిగా రికార్డు చేసేది. ఈ రకాన్ని టాస్కామ్ వాళ్లు 1979లో తెచ్చారు. కోఠిలో సెకండ్‌హ్యాండ్‌లో నాకు దొరికేసరికి అది ఎన్ని చేతులు మారిందో. వేసేది మామూలు క్యాసెట్టే కానీ, రెట్టింపు వేగంతో ఒకవైపే తిరిగేది. 60 నిమిషాల క్యాసెట్టు మీద 15 నిమిషాలే వచ్చేది. పెద్ద స్టూడియోలవాళ్లకూ ఈ బాధ తప్పలేదు. రెండంగుళాల టేపు మీద 24 ట్రాకులు, సెకనుకు 30 అంగుళాల వేగం. 2,500 అడుగుల రీలు పదహారు నిమిషాలకే అయిపోతుంది. అందుకే వారం రోజులు ప్రాక్టీసు చేయించి గానీ ఎవరినీ మైకు ముందు నిలబెట్టేవాళ్లం కాదు.

ఏడుగురు ఆడవాళ్లకు ఒకటే మైకు. గట్టిగొంతు ఉన్నవాళ్లను రెండడుగులు వెనక్కి జరిపితే అదే మా మిక్సింగ్. గోడలకు పరుపులు, కిటికీకి గోనెసంచులు. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసేవాళ్లం. నల్లగొండ ఎండాకాలంలో ఫ్యాను లేకుండా పది చరణాలు పాడటమంటే ఏమిటో ఊహించుకోండి. డప్పు ఉంటే మేడమీద మంట వేసి కాచి తేవాలి. రెండు టేకులయ్యేసరికి తోలు దిగేది, మళ్లీ మెట్లెక్కాలి.

నాలుగు ట్రాకులు చాలవు కాబట్టి మూడు నింపి, వాటిని కలిపి నాలుగోదాని మీదికి ఎక్కించి, ఆ మూడూ చెరిపి మళ్లీ వాడుకునేవాళ్లం. బౌన్స్ అంటారు. ఎక్కించిన ప్రతిసారీ హిస్సు, అంటే టేపు వెనక వినిపించే సుయ్‌మనే చప్పుడు, పెరిగేది, తాళాల మెరుపు తగ్గేది. ఒకసారి కలిసినవి మళ్లీ విడిపోవు.

ఇక్కడే ఒకసారి దెబ్బతిన్నాను. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వ వచ్చి బతుకమ్మ పాట పాడింది. ఆమె గొంతూ, డోలక్కూ, కంజీరా కలిపి బౌన్స్ చేసి, సరిగా వినకుండానే పాత ట్రాకులు చెరిపేశాను. చివరి బస్సుకు టైమైందని అవ్వ వెళ్లిపోయింది. రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే డోలక్ కింద గొంతు మునిగిపోయి ఉంది. పొద్దున్నే స్కూటరేసుకుని వాళ్ల ఊరికి పోయాను. నాట్ల కాలం, పొలానికి బయల్దేరుతోంది. "మళ్ల గదే పాట పాడాల్నా బిడ్డా? నిన్న పాడింది యాడ వోయింది?" అంది. నాలుగో ట్రాకులోనే ఉందవ్వా, కానీ బయటికి రాదు అని ఎట్లా చెప్పను? ఇంకో క్యాసెట్టు మీద మళ్లీ పాడించాను.

తర్వాత మార్పులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కీబోర్డులూ కంప్యూటర్లూ మాట్లాడుకునే మిడి 1983కే ఉంది, మా ఊరికి రావటమే ఆలస్యం. కంప్యూటర్లోనే రికార్డు చేసి అతికించే ప్రో టూల్స్ 1991లో, తప్పిన శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ 1997లో వచ్చాయి. మా మేనల్లుడి దగ్గర ల్యాప్‌టాప్, మైకులను దానికి కలిపే ఇంటర్‌ఫేస్ అనే పెట్టె (రెండు మైకులు పడతాయి), చిన్న చప్పుడు కూడా పట్టే ఒక కండెన్సర్ మైకు, అంతే. ట్రాకులు మాత్రం అరవై దాటుతాయి. గాయని ఒక్కో లైను పాడి వెళ్తుంది. డప్పు కళాకారుడు రానే రాడు, ముందే రికార్డు చేసిపెట్టిన డప్పు దెబ్బలు, శాంపిల్ అంటారు, ఉన్నాయి. పన్నెండు టేకుల్లోంచి మాట మాట ఏరుకుని అతికిస్తూ వాడు తెల్లవార్లూ కూర్చుంటాడు. ఆ టెన్షన్ మాకు లేదు. అన్‌డూ ఉన్నవాడికి 'ఇది చాలు' అనటం కష్టమనుకుంటా.

సౌండు గురించి అంటారా, హిస్సు మీద నాకు ఏ మమకారమూ లేదు. నాయిజ్ రిడక్షన్ లేని క్యాసెట్టులో పెద్ద శబ్దానికీ హిస్సుకూ మధ్య ఎడం సుమారు 50 డెసిబెల్స్. 16 బిట్ డిజిటల్‌లో అది 96. నేను పదేళ్లు తుడవాలని చూసిన హిస్సును మావాడు డబ్బు పెట్టి ప్లగిన్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కొని మళ్లీ పాటలో కలుపుతున్నాడు, వెచ్చదనమట!

నాకు నచ్చనిది క్లిక్కు, అంటే పాడేవాళ్ల హెడ్‌ఫోన్లో ఒకే వేగంతో టిక్ టిక్‌మంటూ తాళం వేసే చప్పుడు. బతుకమ్మ పాట చప్పట్లతో మెల్లగా మొదలై చరణం చరణానికీ ఊపందుకుంటుంది. క్లిక్కుకు కట్టేస్తే మొదటి చరణమెంతో ఆఖరిదీ అంతే. ఆటోట్యూన్ కూడా అంతే, మన పల్లె గొంతు రెండు స్వరాల మెట్ల మధ్య జారే చోట దాన్ని పట్టుకుని ఒక మెట్టు మీద కూర్చోబెడుతుంది. సినిమా పాటకు సరిపోవచ్చు. మీరు జానపదం చేస్తే ముందు అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, క్లిక్కు లేకుండా మొత్తం పాట ఒకసారి రికార్డు చేయండి. ఆ ఫైల్ చెరపకండి, రెండు డిస్కుల్లో పెట్టండి.

పోయినేడు నా పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించాం. టేపును చదివే హెడ్డును స్పిరిటుతో తుడిచి, ఒక్కో క్యాసెట్టుకూ హెడ్డు పక్క స్క్రూ తిప్పుతూ తాళాలు మెరిసేదాకా సరిచేసి. అందులో అవ్వ మొదటిరోజు పాడిన క్యాసెట్టు దొరికింది. ఇప్పుడు కలిసిపోయిన పాటలోంచి గొంతును విడదీసే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, మావాడు దాంట్లో వేశాడు. డోలక్ పోయింది. గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంది, కంజీర గలగల అక్కడక్కడా అంటుకునే ఉంది. కానీ అవ్వ బయటికొచ్చింది. రెండోసారి పాడినదానికంటే ఆ మొదటిదే బాగుంది.