అమెరికా, కెనడాల్లో ఇంటి ముందు జెండా పెట్టేటప్పుడు

జులై 1కో (కెనడా డే), జులై 4కో (అమెరికా స్వాతంత్ర్య దినం) ఇంటి ముందు ఆ దేశపు జెండా పెట్టాలనుంది, పొరపాటు జరిగితే కేసవుతుందా అని అడిగారు. కాదు. మన దగ్గర జెండాని అవమానిస్తే 1971 చట్టం కింద జైలుశిక్ష ఉంది కాబట్టి ఆ భయం సహజమే. అమెరికాలో మాత్రం జెండాని తగలబెట్టడం కూడా భావప్రకటన కిందికే వస్తుందని 1989లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫ్లాగ్ కోడ్ (జెండా వాడకం మీద అక్కడి నియమావళి) వద్దన్నా పేపర్ నాప్కిన్ల మీద కూడా చారలు, నక్షత్రాలు కనిపిస్తాయి. అక్కడ దాన్ని అభిమానంగానే చూస్తారు.

అయినా అమెరికాలో పద్ధతి పాటిస్తే, ముఖ్యంగా మాజీ సైనికులున్న వీధుల్లో, గౌరవం దక్కుతుంది. పొద్దుగూకేసరికి దించండి, రాత్రి కూడా ఉంచాలంటే జెండా మీద లైటు పడాలి. ఎక్కువ తప్పులు గోడకి నిలువుగా కట్టేటప్పుడు జరుగుతాయి. చూసేవాళ్ళకి నీలం భాగం పైన ఎడమవైపే ఉండాలి. అడ్డంగా ఉన్నదాన్ని ఊరికే తిప్పేస్తే నీలం కుడికో కిందికో పోతుంది, అందుకే వెనకవైపు ముందుకి రావాలి. మెమోరియల్ డే (యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే రోజు) నాడు మధ్యాహ్నం 12 దాకా సగం ఎత్తులో ఉంచి, తర్వాత పైకి లాగాలి. సగానికి దించే ముందు కూడా ఒకసారి కొసదాకా ఎగరేయాలి. హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు అమెరికా జెండానే వద్దనలేరు, 2006 నుంచి ఫెడరల్ చట్టం అడ్డుంది. స్తంభం ఎత్తు, చోటు మీద మాత్రం వాళ్ళ షరతులు చెల్లుతాయి, ముందే అడగండి.

కెనడా జెండా పొడవు వెడల్పుకి సరిగ్గా రెండింతలు, అంటే 3 అడుగులకి 6. 3×5 అని అమ్మేవి కొలత తప్పినవి. నిలువుగా కడితే చూసేవాళ్ళకి ఆకు కొస ఎడమకి, కాడ కుడికి రావాలి.

నా దృష్టిలో కెనడా వాళ్ళ దేశాభిమానం ఇంటి మీదకన్నా ఒంటి మీదే ఎక్కువ కనిపిస్తుంది. అక్టోబరు చివరి శుక్రవారం నుంచి నవంబరు 11 (రిమెంబ్రెన్స్ డే) దాకా, యుద్ధాల్లో పోయిన సైనికుల గుర్తుగా, ఎర్ర పాపీ పువ్వు ఎడమవైపు, గుండె దగ్గర పెట్టుకుంటారు. 11న ఉదయం 11 గంటలకి 2 నిమిషాలు మౌనం, ఆ వేళకి మీటింగులు పెట్టకండి. జులై 1 కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. క్యూబెక్‌లో అసలు పండగ జూన్ 24, జులై 1న అక్కడ జనం ఇళ్ళు మారుతుంటారు. న్యూఫౌండ్‌లాండ్‌లో ఆ ఉదయం 1916లో ఫ్రాన్స్‌లోని బోమాంట్ హామెల్ దగ్గర, మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన తమ సైనికుల్ని తలుచుకుంటారు, కాబట్టి పొద్దున్నే టపాసులు వద్దు.

ఆగస్టు 15కి మన జెండా కూడా పెట్టేవాళ్ళు రెండూ ఒకే కర్రకి కట్టొద్దు. వేర్వేరు కర్రలు, ఒకే ఎత్తు, ఒకే సైజు, చూసేవాళ్ళకి ఎడమవైపు ఆ దేశపు జెండా.