సంతకంలో మొదటి అక్షరం

ప్రశ్న: నా నవలలో కథానాయిక సుమతి, ఇరవై మూడేళ్ల కాపురం తరువాత, నలభై ఏడో ఏట పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుంటుంది. ఆ వెంటనే ఊరగాయల వ్యాపారం పెట్టి నిలదొక్కుకుంటుంది. చదివినవారు ఉత్తరార్ధం నమ్మబుద్ధి కావడం లేదంటున్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు పంపిన అధ్యాయాలు రెండుసార్లు చదివాను. కుష్ఠురోగి అయిన భర్తను భుజాన మోసిన పురాణ సుమతి పేరే ఈమెకు పెట్టడం నాకు నచ్చింది. లోపమంతా తొందరలో ఉంది. మీ కథలో పిటిషన్ వేసిన వారానికే డిక్రీ వచ్చేసింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ ప్రకారం, దంపతులు కనీసం ఏడాది విడిగా ఉన్న తరువాతే ఉమ్మడిగా పిటిషన్ వేయాలి. ఆపైన మామూలుగా మరో ఆరు నెలలు ఆగాలి. తగిన పరిస్థితుల్లో ఈ గడువును కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే గాని, మాఫీ దొరకని సుమతే మీ నవలకు ఎక్కువ పనికివస్తుంది. ఆ ఆరు నెలల్లో బంధువుల ఇంట పెళ్లి వస్తే, శుభలేఖ మీద ఆమె పేరు ఎవరి పక్కన రాస్తారు?

అసలు విషయం పేరు. “పుట్టింటి పేరుకు మారింది” అని ఒక్క వాక్యంతో దాటేశారు. పెళ్లితో ఇంటిపేరు మార్చుకోవాలని గాని, విడాకులతో మళ్లీ మార్చుకోవాలని గాని చట్టం నిర్బంధించదు కనుక, ఆ నిర్ణయం పూర్తిగా ఆమెదే. మనకు ఇంటిపేరు ముందుంటుంది కనుక, దానితో ఆమె సంతకంలో మొదటి అక్షరమే మారిపోతుంది. ఆధార్‌లో, పాస్‌బుక్కులో అత్తింటి పేరు ఉంటే, ట్రంకుపెట్టె అడుగున పట్టుచీరల కింద దాచిన పదో తరగతి సర్టిఫికెట్టులో మాత్రం పుట్టింటి పేరే ఉంటుంది. ఆమె చేత దాన్ని బయటికి తీయించండి. బ్యాంకులో కొత్త సంతకం పెట్టబోయి, చేయి అలవాటుకొద్దీ పాత అక్షరమే వేస్తే, గుమస్తా మరో ఫారం అందించే దృశ్యం రాయండి. పెళ్లీడుకొచ్చిన కూతురు, “ఇకమీదట మనిద్దరికీ వేరువేరు ఇంటిపేర్లా అమ్మా?” అని అడిగితే సుమతి వెంటనే జవాబు చెప్పనక్కరలేదు.

వ్యాపారానికి పెట్టుబడి భరణంగా వచ్చిన సొమ్మా, తన నగలు తాకట్టు పెట్టి తెచ్చినదా అన్నది కూడా చెప్పాలి. ఊరగాయల అధ్యాయాన్ని వెనక్కి జరపండి. సీసా లేబుల్ మీద ఏ ఇంటిపేరు వేయించాలో ఆమెను ముందు తేల్చుకోనివ్వండి.