రీల్ చూసి థైరాయిడ్ మాత్ర ఆపేశాను.. పర్వాలేదా?

ప్రశ్న: నా వయసు 38. ఆరేళ్లుగా థైరాయిడ్‌కు 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. ఈమధ్య థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 3.1 వచ్చింది. నార్మల్ కదా అని, ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో చెప్పినట్టు ధనియాల నీళ్లు మొదలుపెట్టి మాత్ర ఆపేశాను. మూడు వారాలైంది, బాగానే ఉన్నాను. ఫేస్‌బుక్ గ్రూపులో రిపోర్ట్ పెడితే కొందరు 50 వేసుకుంటే చాలంటున్నారు, కొందరు అయోడిన్ ఉప్పు మానేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఓ సోదరి, ఖమ్మం

సమాధానం: మీరు బాగున్నది ధనియాల నీళ్ల వల్ల కాదమ్మా, ఇన్నాళ్లూ వేసుకున్న మాత్ర వల్లే. ఆ మాత్రలోని మందు, లెవోథైరాక్సిన్, ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే ఆపిన వెంటనే తేడా తెలియదు. ఆ రీల్ కింద ‘రెండు వారాలైంది, సూపర్‌గా ఉంది’ అని రాసేవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననుకోను. తొందరపడుతున్నారు, అంతే. నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం, నెలసరి తేడాలు ఆ తర్వాత మొదలవుతాయి. అప్పుడు వెనక్కి వచ్చి ఆ కామెంట్ మార్చేదెవరు?

3.1 అనేది మాత్ర వేసుకుంటుండగా వచ్చిన అంకె. డోసు సరిపోయిందని దానర్థం, జబ్బు పోయిందని కాదు. ధనియాల నీళ్లు ఇష్టమైతే తాగండి, కానీ అవి మాత్రకు బదులు కావు.

వెంటనే మీకు మందు రాసిన డాక్టరుతో మాట్లాడండి. మూడు వారాలు ఆపానని దాచకుండా చెప్పండి. సాధారణంగా పాత డోసే మళ్లీ మొదలుపెట్టించి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూస్తారు. నెల తప్పినా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా, గుండె జబ్బున్నా ఒక్క రోజు కూడా ఆగొద్దు.

గ్రూపులో వాళ్లు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండొచ్చు. కానీ మీ బరువెంత, ఇంకేం మందులు వాడుతున్నారు, గ్రంథి ఎందుకు దెబ్బతింది అన్నవి వాళ్లకు తెలియవు. ఉప్పు సలహా కూడా అలాంటిదే. పెద్దవాళ్లలో చాలామందికి ఈ సమస్య సొంత రోగనిరోధక వ్యవస్థే గ్రంథిని దెబ్బతీయడం వల్ల వస్తుంది. ఉప్పు మార్చినంత మాత్రాన అది తగ్గదు. అన్నట్టు, ఆ రిపోర్ట్ మీద మీ పేరు, ఫోన్ నంబరు ఉంటే ముందు ఆ పోస్టు తీసేయండి. పొడులు, కషాయాలు అమ్మేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి!

ఫోన్లో సలహా తీసుకోవడమే తప్పని నేననను. 2020లో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వీడియో కాల్‌లోనో, వాట్సాప్‌లోనో కూడా డాక్టరు చూడొచ్చు. ఆయన రిజిస్టర్డ్ డాక్టరై ఉండాలి, మీరెవరో ఆయనకు తెలియాలి, మీ వివరాలన్నీ అడగాలి. ప్రభుత్వ ‘ఈ-సంజీవని’లో ఈ సేవ ఉచితం. రీల్‌లో తెల్లకోటు కనిపిస్తే పేరు, రిజిస్ట్రేషన్ నంబరు నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికి చూడండి. పేరున్న డాక్టర్ల ముఖం, గొంతు పెట్టి ఏఐతో నకిలీ ప్రకటనలు కూడా చేస్తున్నారు.

ఇక మాత్ర పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే. ఐరన్, కాల్షియం మాత్రలుంటే నాలుగు గంటల తేడా ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పి, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది.