648 సరిగ్గానే కొలిచాను, మరి శ్రుతి ఎందుకు తప్పింది?

ప్రశ్న: ఏడాది కష్టపడి ఇంట్లోనే స్టీల్ తీగల గిటార్ చేశాను. స్కేల్ (తీగ లెక్క పొడవు) 648 మి.మీ. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి సరిగ్గా 648 దగ్గర శాడిల్ (బ్రిడ్జి గాడిలో కూర్చుని తీగలు మోసే సన్న పట్టీ) వచ్చేలా బ్రిడ్జిని పై చెక్క మీద అతికించాను. తీగలు ఖాళీగా మీటితే ట్యూనర్‌లో ఏ తేడా లేదు. 12వ ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దగ్గర నొక్కితే మాత్రం సన్న తీగ 7 సెంట్లు, లావు తీగ 12 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) ఎక్కువ చూపిస్తోంది. ఫ్రెట్లన్నీ పీకి మళ్ళీ వేయాలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఫ్రెట్ల జోలికి వెళ్ళకండి, అవి సరిగ్గానే ఉన్నాయి. 648 అనేది ఫ్రెట్ల లెక్క కోసం పెట్టుకునే అంకె. శాడిల్ కూర్చునే చోటు అది కాదు. తీగను నొక్కినప్పుడు అది కిందికి సాగుతుంది, బిగువు కాస్త పెరుగుతుంది, దాంతో శ్రుతీ పెరుగుతుంది. పైగా ఉక్కు తీగకు తనదైన బిరుసుదనం ఉంటుంది. ఈ రెండింటికీ పరిహారంగా తీగకు కొంచెం అదనపు పొడవు ఇవ్వాలి, అంటే శాడిల్‌ను వెనక్కి జరపాలి.

ఎంత వెనక్కో మీ ట్యూనరే చెప్పేసింది. ఈ స్కేల్‌లో శాడిల్ 1 మి.మీ. వెనక్కి వెళితే 12వ ఫ్రెట్ దగ్గర తేడా దాదాపు 2.7 సెంట్లు తగ్గుతుంది. కాబట్టి సన్న తీగకు 2.5 మి.మీ., లావు తీగకు 4.5 మి.మీ. కావాలి. అందుకే స్టీల్ తీగల గిటార్లలో శాడిల్ ఏటవాలుగా కనిపిస్తుంది.

మా ఊరు బొబ్బిలి దగ్గర. పనస దుంగ తొలిచి వీణలు చేసేవాళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. వీణలో 24 మెట్లూ మైనం మీద కూర్చుంటాయి, తేడా వస్తే మైనాన్ని మెత్తబరిచి మెట్టును జరుపుకోవచ్చు. గిటార్ దగ్గరికొచ్చాక మొదట్లో నాకు ఊపిరాడలేదు. ఫ్రెట్లు చెక్కలో దిగిపోయి ఉంటాయి, ఇక జరపడానికి మిగిలేది శాడిల్ ఒక్కటే.

చెక్క కోసే ముందు రెండు చూడండి. కొత్త తీగలు వేసి మళ్ళీ కొలవండి. 12వ ఫ్రెట్ మీద తీగ ఎత్తు లావు వైపు 2.5, సన్న వైపు 2 మి.మీ. దాటి ఉంటే ముందు అది తగ్గించండి, తేడా కొంత అక్కడే పోతుంది.

మిగిలిన దానికి బ్రిడ్జిని ఊడదీయకండి. తీగల చివర్లను పట్టే పిన్నుల రంధ్రాలు పై చెక్కలోంచీ, దాని అడుగున ఉండే ప్లేటులోంచీ వెళ్ళాయి, బ్రిడ్జి జరిగితే ఆరింటికి ఆరూ తప్పుతాయి. శాడిల్ కూర్చున్న పాత గాడిని బ్రిడ్జి చెక్కతోనే, దాని రేఖలు కలిసేలా చిన్న పట్టీ కోసి పూడ్చి, ఆరాక చదును చేసి కొత్త గాడి తీయండి. కొత్త గాడికీ పిన్ రంధ్రాలకూ మధ్య 3 మి.మీ. చెక్కయినా మిగలాలి. మిగలకపోతే మాత్రం వెడల్పాటి కొత్త బ్రిడ్జి తప్పదు. సన్న వైపు నుంచి రెండో తీగకు పైచుట్టు (మీద చుట్టిన సన్న తీగ) ఉండదు, మూడోదానికి ఉంటుంది. అందుకని శాడిల్ అంచును ఆకురాయితో రాసి, రెండో తీగ కాస్త వెనక, మూడోది కాస్త ముందు ఆనేలా చేయండి.

ఇంకో గిటార్ మొదలుపెడితే, మెడ బిగించాకే బ్రిడ్జి చోటు తేల్చండి. మెడ కోణం కుదరాలని మొదలు దగ్గర అర మిల్లీమీటరు చెక్కినా పాత గుర్తు పనికిరాదు. చుట్ట టేపుతో కొలవొద్దు, దాని కొక్కెం కదులుతుంది. మీటరు స్టీలు స్కేలు కొనండి. పై చెక్క నడుమ అతుకు గీతను నమ్మకండి. నట్ మొదటి, ఆరో గాళ్ళలోంచి రెండు దారాలు బ్రిడ్జి దాకా లాగి, ఫింగర్‌బోర్డు (ఫ్రెట్లుండే పలక) అంచులకు రెండువైపులా ఒకే ఖాళీ వచ్చేదాకా బ్రిడ్జిని అటూ ఇటూ జరపండి. మెడ వెంట్రుకవాసి పక్కకున్నా కళ్ళకు కనిపించేది తీగలే, అతుకు కాదు.

నా మొదటి గిటార్‌కు ఇవన్నీ చేశాను. కాగితం టేపు మీద పెన్సిల్ గుర్తులూ పెట్టుకున్నాను. జిగురు పూసి క్లాంపు బిగించేసరికి బ్రిడ్జి సబ్బుముక్కలా జారింది, చూసుకోలేదు. తెల్లారి కొలిస్తే 1.5 మి.మీ. ముందుకొచ్చేసింది. ఇప్పటికీ షెడ్డులో మేకుకు వేలాడుతోంది, పిల్లలు నేర్చుకోవడానికి పనికొస్తుంది. ఆ తర్వాత నుంచీ శాడిల్ గాడి రెండు చివర్లా 2 మి.మీ. రంధ్రాలు పై చెక్కలోకి దించి, డ్రిల్లు బిట్లనే మేకుల్లా నిలబెట్టి బిగిస్తున్నాను. ఆ రంధ్రాలు శాడిల్ కింద దాక్కుంటాయి. బిట్లకు మైనం రాయడం మరిచిపోకండి, లేకపోతే అవీ అతుక్కుంటాయి.

ప్రశ్న: బ్రిడ్జిని వడ్రంగి తెల్ల జిగురుతో అతికించవచ్చా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: వద్దండీ. లైట్ (సన్న రకం) తీగలు ఆరూ కలిసి దాదాపు 70 కిలోల బరువుతో లాగుతాయి. ఆ లాగుడు పగలూ రాత్రీ ఉంటుంది. మే నెలలో మూసిన కారులో గిటార్ ఉంచితే తెల్ల జిగురు మెత్తబడి బ్రిడ్జి వెనక అంచు లేస్తుంది. జంతుచర్మం జిగురు గానీ, వాద్యాలవాళ్ళు వాడే పసుపు జిగురు గానీ తీసుకోండి. అతికించే చోట లక్క, పాలిష్ ఏమీ ఉండకూడదు, పచ్చి చెక్క తగలాలి. బ్రిడ్జి చుట్టుకొలత కంటే అర మిల్లీమీటరు లోపలికి గీసి ఆ పాలిష్ గీకేస్తే అంచు బయటికి కనబడదు. తీగలు ఎక్కించడం మాత్రం మర్నాడే.